చెరువులో పుట్టిన నది

పిల్లలూ! మీలో ఎవరైనా ఇంటిని వెంటబెట్టుకుని ఊరు వెళ్ళారా? నత్త వెళుతుంది, తాబేలు వెళుతుంది. 2023 జూలై నెలలో మేమూ అలాగే వెళ్ళాము.

మా అబ్బాయి అమెరికా దేశంలో, మినసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ, మీ మామ్మగారూ వాళ్ళను చూడబోయినప్పుడు, నాలుగు రోజులకు ఒక క్యాంపర్ బండిని అద్దెకు తెచ్చాడు. అది చక్రాల మీద నడిచే ఇల్లు. అందులో పడకలున్నాయి, పొయ్యి ఉంది, చేతులు కడుక్కునే తొట్టి ఉంది. అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనుమరాలు, మేమిద్దరం కలిసి ఉత్తరదిక్కుగా బయలుదేరాము.

దారి పొడుగునా సరస్సులే! ఒకటి కనుమరుగయ్యేలోగా మరొకటి. ఆ రాష్ట్రంలో పది ఎకరాలూ, అంతకు మించీ విస్తీర్ణం గల సరస్సులు 11,842 ఉన్నాయని లెక్కగట్టారు. "ఇన్ని చెరువులు ఎవరు తవ్వించారు తాతగారూ?" అని మనుమరాలు అడిగింది.

ఎవరూ తవ్వించలేదు. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా కిలోమీటరుకు మించిన మందాన మంచుగడ్డ కప్పి ఉండేది. అది మెల్లమెల్లగా కదులుతూ నేలను గీరింది, రాళ్ళను దొర్లించింది. సుమారు పదివేల ఏళ్ళ క్రిందట అది కరిగి వెనక్కు తగ్గినప్పుడు, మంచు తునకలు కొన్ని మట్టిలో పూడుకుపోయి ఉండిపోయినాయి. అవి కూడా కరిగేసరికి పైనున్న మట్టి క్రుంగి గుంటలు పడినాయి. ఆ గుంటలలో నీరు నిలిచింది. మీరు ఇంట్లో చేసి చూడవచ్చు. ఒక పళ్ళెంలో నాలుగు మంచుముక్కలుంచి, పైన తడి ఇసుక కప్పండి. గంట తరువాత చూడండి.

మొదటి రాత్రి ఒక సరస్సు ఒడ్డున బండి ఆపాము. చీకటి పడిన తరువాత నీళ్ళ మీదినుంచి ఎవరో పెద్దగా ఏడుస్తున్నట్టు, మరుక్షణం నవ్వుతున్నట్టు కేక వినిపించింది. మీ మామ్మగారు తలుపు గడియ వేసేశారు. తీరా అది లూన్ అనే పక్షి. మినసోటా రాష్ట్రానికి అదే రాష్ట్రపక్షి. తక్కిన చాలా పక్షుల ఎముకలు బోలుగా ఉంటే, దీని ఎముకలలో చాలా భాగం గట్టివి. అందుచేత చక్కగా నీట మునిగి చేపలు పట్టగలదు. అయితే కాళ్ళు మరీ వెనుకగా ఉండటంచేత, నేల మీద నడవటానికి మాత్రం నానా అవస్థా పడుతుంది.

ఆ రాత్రే మనుమరాలికి నదుల సంగతి చెప్పాను. "నదులు కొండలలో పుడతాయి. మన గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో కొండ మీద పుట్టింది" అన్నాను. ముప్పయినాలుగేళ్ళు బళ్ళో చెప్పిన పాఠమే.

తెల్లవారి లేచి నేనొక ఘనకార్యం చేశాను. అలవాటు ప్రకారం కుళాయి వదిలిపెట్టి తీరికగా పళ్ళు తోముకున్నాను, పనిలో పని కండువా కూడా ఉతుక్కున్నాను. బండిలో నీరు ఒక చిన్న తొట్టెడే ఉంటుందని నాకు తోచలేదు. కోడలు కాఫీ పెట్టబోతే చుక్క లేదు! "ఫరవాలేదు లెండి, మామయ్యగారూ" అన్నది. "ఎదుట ఊరంత సరస్సు, లోపల గుక్కెడు కాఫీకి గతి లేదు" అన్నారు మీ మామ్మగారు. సరస్సు నీరు అలాగే తాగటానికి పనికిరాదు. పాపం, అబ్బాయి చాలా దూరం నడిచి, కుళాయి దగ్గరనుంచి డబ్బాతో నీళ్ళు మోసుకువచ్చాడు.

మర్నాడు ఐటాస్కా సరస్సు చేరాము. మిసిసిపీ మహానది పుట్టినచోటు అదే. 1832లో స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయన ఇక్కడికి వచ్చి, నది జన్మస్థానం ఇదేనని లోకానికి చెప్పాడు. ఆయనను తీసుకువచ్చినవాడు ఓజావిందిబ్ అనే ఒజిబ్వే జాతివాడు. ఆ జాతివారికి ఆ సరస్సు ముందే తెలుసు, దానికి దుప్పుల సరస్సు అనే అర్థం వచ్చే పేరు కూడా ఉన్నది. స్కూల్‌క్రాఫ్ట్ మాత్రం లాటిన్ భాషలో నిజం, తల అనే అర్థాలు గల 'వెరిటాస్', 'కాపుట్' అనే మాటలు తీసుకుని, రెండు కొసలూ కత్తిరించి, నడుమ మిగిలినదాన్ని పేరుగా పెట్టాడు.

సరస్సు అంచున వరుసగా రాళ్ళున్నాయి. వాటి మధ్యనుంచి మోకాటిలోతు నీరు గలగలమంటూ పారుతున్నది. అదే మిసిసిపీ! మన గోదావరికన్న రెండున్నర రెట్లు పొడుగైన నది. ఉన్న ఎత్తు సముద్రమట్టానికి 450 మీటర్లు, పోవలసిన దూరం సుమారు 3,770 కిలోమీటర్లు. లెక్క వేసి చూడండి, కిలోమీటరుకు జానెడు వాలు కూడా లేదు. దక్షిణాన సముద్రంలో కలవవలసిన నది మొదట ఉత్తరానికి బయలుదేరటం మరో వింత.

నేను పంచె ఎగగట్టి, మనుమరాలి చెయ్యి పట్టుకుని, జారుతూ తూలుతూ ఆవలి ఒడ్డు చేరాను. ఆ పిల్ల నాలుగువైపులా చూసి, "కొండ ఏది తాతగారూ?" అన్నది.

నాకు నోట మాట రాలేదు.

1988లో మా ఏడవ తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. పేరు వ్రాయను. "మాస్టారూ, మా ఊరి వాగు చెరువు అలుగు దగ్గర మొదలవుతుందండీ. నది మాత్రం అలా పుట్టకూడదా అండీ?" అని అడిగాడు. పుస్తకంలో ఉన్నది చదవమని కసిరి కూర్చోబెట్టాను. త్రైమాసిక పరీక్షలో వాడు, నదులు కొండలలోనూ చెరువులలోనూ పుట్టును అని వ్రాశాడు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టివేసి, ఆ ప్రశ్నకు ఉన్న రెండు మార్కులూ తీసివేశాను. వాడికి 33 వచ్చినాయి. ఆ తరువాత సంవత్సరమంతా వాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బుద్ధిమంతుడయ్యాడని నేను సంతోషించాను కూడాను.

మనుమరాలితో, "కొండ లేదమ్మా. రాత్రి నేను తప్పు చెప్పాను" అన్నాను. ఆ పిల్ల అది పట్టించుకోకుండా, రాళ్ళ మీద గెంతుతూ మళ్ళీ నది దాటింది.

వాడికిప్పుడు యాభై ఏళ్ళు దగ్గరపడి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. పిల్లలూ! ఇంట్లో మీ నాన్నగారిని అడగండి. ఆయన 1988లో ఏడవ తరగతి చదివి, త్రైమాసిక పరీక్షలో సాంఘికశాస్త్రంలో 33 మార్కులు తెచ్చుకున్నవారైతే, మాస్టారు ఆ రెండూ కలిపారనీ, మొత్తం 35 అయినాయనీ చెప్పండి.