కంపెనీ పోయింది, బోర్డులు వస్తూనే ఉన్నాయి

అమిగా అనే కంప్యూటరు పేరు ఎంతమంది విన్నారో చేతులెత్తండి అంటే ఇక్కడ ఒకటో రెండో లేస్తాయేమో. అందులో మీ తప్పేం లేదు లెండి. మన దగ్గర 1984లో క్లాస్ పథకం కింద బళ్లకు వచ్చినవి బీబీసీ మైక్రోలు. ఆ తర్వాత వీధికో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసేనాటికి అంతటా ఐబీఎం పీసీ నకళ్లే. డాస్, లోటస్, డీబేస్ నేర్చుకుని మనవాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారు. సరిగ్గా అప్పుడే ఇంగ్లండులోనూ జర్మనీలోనూ పిల్లలు టీవీకి తగిలించుకుని రాత్రింబవళ్లు ఆడుకున్న పెట్టె అమిగా 500.

దాని పెద్దక్క అమిగా 1000ని కమోడోర్ కంపెనీ 1985 జులై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ఆర్భాటంగా విడుదల చేసింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీదే గాయని డెబీ హ్యారీ బొమ్మను ఆ కంప్యూటరుతో వేసి చూపించాడు. ఆనాటి పీసీకి నోరు తెరిస్తే బీప్ తప్ప మరో మాట రాదు. అమిగాకి నాలుగు ఛానళ్ల ధ్వని, 4096 రంగులు, ఒకేసారి నాలుగు ప్రోగ్రాములు నడిపే నేర్పు. ప్రాసెసరు చూస్తే మోటరోలా 68000, వేగం ఏడు మెగాహెర్ట్జ్ చిల్లర. గొప్పంతా ఇంజనీరు జే మైనర్ బృందం సొంతంగా గీసిన మూడు చిప్పులది. బొమ్మ డెనిస్ వంతు, పాట పౌలా వంతు, జ్ఞాపకశక్తి పంపకాలన్నీ ఆగ్నస్ వంతు. ఈ మైనర్ గారికి మిచీ అని ఓ కుక్క ఉండేది. అమిగా 1000 మూత విప్పి లోపలివైపు చూస్తే ఇంజనీర్ల సంతకాలతో పాటు దాని పాదముద్ర కూడా అచ్చయి ఉంటుంది. ఇలాంటి పనులు చేసే కంపెనీ బాగుపడదని మా కామర్స్ మేస్టారైతే అప్పుడే చెప్పేసేవారు.

బాగుపడలేదు కూడా. 1994 ఏప్రిల్ చివర్లో కమోడోర్ దివాలా తీసింది. పేరూ హక్కులూ ఎస్కామ్ అనే కంపెనీ చేతికి, అక్కణ్ణించి గేట్‌వే కంపెనీ చేతికి, ఆపైన ఇంకొందరి చేతుల్లోకి మారాయి. ఆ కోర్టు గొడవలు ఎత్తుకుంటే తెల్లారిపోతుంది, వదిలేద్దాం.

అసలు చిక్కు కోర్టులో కాదు, పెట్టెలోపల వచ్చింది. అమిగా 2000, 4000 లాంటివాటి మదర్‌బోర్డు మీద గడియారం ఆగకుండా ఉండటానికి చిన్న పీపా ఆకారంలో నికెల్-కాడ్మియం బ్యాటరీ ఒకటి అతికించారు. ఏళ్లు గడిచేకొద్దీ అది కారుతుంది. కారిన క్షారం పక్కనున్న రాగి గీతల్ని తినేస్తుంది. మొదట పచ్చటి పొడిలా కనిపిస్తుంది, గోటితో గీకితే పొడితో పాటు గీత కూడా లేచొస్తుంది. 600, 1200 మోడళ్లలో బోర్డు మీద బ్యాటరీ లేదు, కానీ బియ్యపుగింజంతలేసి కెపాసిటర్లు కారతాయి. సాల్డరింగ్ ఇనుము పెట్టగానే చేపల వాసన వస్తే అది కారినట్టే లెక్కని రిపేర్లు చేసేవాళ్లు అంటారు. కొన్ని బోర్డులు వెనిగర్‌తో కడిగి, తెగిన గీతలకు సన్నటి తీగలు అంటిస్తే బతుకుతాయి. కొన్ని బతకవు.

అక్కడ మొదలైంది ఈ కొత్త బోర్డుల వ్యవహారం. చచ్చిన బోర్డు మీది భాగాలన్నీ పీకేసి, స్కానర్ మీద పెట్టి, లోపలి పొరలు బయటపడేదాకా గరుకు కాగితంతో అరగదీసి, ఏ గీత ఎక్కణ్ణించి ఎక్కడికి పోతోందో కంప్యూటర్లో మళ్లీ గీసుకున్నవాళ్లున్నారు. జీతం లేదు, ఇంట్లో మెచ్చుకునేవాళ్లూ ఉండి ఉండరు. ఆ ఫైళ్లు చైనాలోని ఫ్యాక్టరీకి పంపితే మెరిసే ఖాళీ బోర్డులు పోస్టులో వస్తాయి. నలుపు, ఎరుపు, ఊదా, ఏ రంగు కావాలంటే ఆ రంగు. చచ్చిన బోర్డు నుంచి ఆగ్నస్‌నీ, డెనిస్‌నీ, పౌలానీ జాగ్రత్తగా ఊడదీసి కొత్తదాంట్లో కూర్చోబెట్టుకోవాలి. పాత మండువా ఇల్లు కూల్చి, ఆ టేకు ద్వారబంధాలూ దూలాలూ కొత్త ఇంటికి ఎక్కించుకున్నట్టే.

ఇందులో నాకు బాగా నచ్చిన ముచ్చటొకటుంది. కమోడోర్ ఇంజనీర్లు తమ బోర్డుల మీద బీ-52స్ అనే రాక్ బృందం పాటల పేర్లు అచ్చేసేవారు. అమిగా 500 బోర్డు మీద 'రాక్ లాబ్‌స్టర్', 600 మీద 'జూన్ బగ్', 1200 మీద 'ఛానెల్ జెడ్'. కొనేవాడు స్క్రూలు విప్పితే తప్ప చూడని చోట పాట పేరు దేనికి? పని చేసినవాడి సరదా అది, అంతే. అరగదీసి గీసుకునే ఓపిక ఎక్కణ్ణించి వస్తుందో నాకు అక్కడ కాస్త అర్థమవుతుంది.

ఇక రెండో దారి పట్టినవాళ్లున్నారు. పాతదాన్ని నిలబెట్టడం కాదు, అమిగా ఆగకుండా ఉంటే ఈపాటికి ఎలా ఉండేదో అలా కట్టాలన్నది వాళ్ల పంతం. బెల్జియంలోని హైపీరియన్ కంపెనీ పవర్‌పీసీ ప్రాసెసర్ల కోసం అమిగా ఓఎస్ 4 రాసింది. ఓఎస్ ఉంది సరే, నడవడానికి బోర్డేదీ? ఇటలీ వాళ్లు, ఏక్యూబ్ అనే సంస్థ, సామ్440, సామ్460 బోర్డులు చేశారు. ట్రెవర్ డికిన్సన్ గారి ఏ-ఇయాన్ సంస్థ అమిగావన్ ఎక్స్1000 తెచ్చింది. దాని గుండెకాయ పీఏ సెమీ అనే చిన్న కంపెనీ చేసిన చక్కటి ప్రాసెసరు. అయితే అంతకుముందే ఏమైంది? 2008లో యాపిల్ ఆ పీఏ సెమీని 27.8 కోట్ల డాలర్లిచ్చి కొనేసింది. యాపిల్‌కి కావలసింది ఇంజనీర్లు, ఈ చిప్పు కాదు. మిగిలి ఉన్న సరుకుతోనే ఎక్స్1000 కట్టుకోవాల్సొచ్చింది. పోనీ దాంట్లో రెండు కోర్లున్నాయా, అమిగా ఓఎస్ వాడుకునేది ఒక్కదాన్నే.

తర్వాత ఎక్స్5000 వచ్చింది, అది కుదురుగానే ఉంది. చవగ్గా ఒకటి ఇద్దామని ఏ1222 మొదలుపెట్టారు. దానికి ఎంచుకున్న ప్రాసెసరు నెట్‌వర్క్ పెట్టెల కోసం చేసినది. దశాంశ లెక్కలకు మామూలు పవర్‌పీసీలో ఉండే యూనిట్ అందులో లేదు, వేరే పద్ధతి ఉంది. పాత ప్రోగ్రాములు ఆ లెక్క దగ్గరకొచ్చి బోర్లా పడేవి. ఆ గండం గట్టెక్కడానికి మళ్లీ సాఫ్ట్‌వేరు రాయాలి. 2015లో చూపించిన బోర్డు కొనేవాళ్ల చేతికి అందడానికి సుమారు ఎనిమిదేళ్లు పట్టింది.

నన్నడిగితే ఈ రెండో దారివాళ్ల మీద గౌరవం ఉంది కానీ నమ్మకం లేదు. ఒక్కో బోర్డుకీ కొత్త ప్రాసెసరు వెతుక్కోవాలి. అది అమ్మేవాడికి వీళ్లు లెక్కలోకి వచ్చే ఖాతాదారులు కారు. కొన్ని వందల బోర్డుల మీదే డిజైన్ ఖర్చంతా పడుతుంది కాబట్టి ధర చుక్కల్లో ఉంటుంది. ఇన్ని తిప్పలు పడి కొన్నాక పక్కింటి కుర్రాడి లాప్‌టాప్ దీన్ని అవలీలగా దాటేస్తుంది. ఖాళీ బోర్డు అమ్మేవాడు అలాంటి ఆశలేం పెట్టడు, పోయినదాన్ని పోయినట్టే తిరిగిస్తానంటాడు.

అయితే అతనికీ ఓ చిక్కుంది. ఆగ్నస్, డెనిస్, పౌలాలు కమోడోర్ సొంత చిప్పు ఫ్యాక్టరీలో తయారైనవి. ఇప్పుడు వాటిని తయారుచేసేవాళ్లు లేరు. బోర్డులు ఎన్నైనా అచ్చేసుకోవచ్చు, చిప్పులు మాత్రం ఒకటి కాలిపోతే ఒకటి తగ్గినట్టే. దీనికి మందు నెదర్లాండ్స్‌లో డెనిస్ వాన్ వీరెన్ అనే ఇంజనీరు కనిపెట్టాడు (చిప్పు పేరూ ఆయన పేరూ కలవడం కాకతాళీయం). ఎఫ్‌పీజీఏ అని ఒక రకం చిప్పుంది, దాని లోపలి సర్క్యూటు మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. దాంట్లో ఆయన ఆ మూడు చిప్పుల పనీ కుదిర్చి, పక్కన అసలైన 68000 పెట్టి, మినిమిగ్ అనే బోర్డు కట్టాడు. 2007లో డిజైన్ అంతా ఊరికే పంచిపెట్టేశాడు. ఇవాళ ఎఫ్‌పీజీఏ మీద నడిచే అమిగాల్లో చాలావాటికి అది తాత.

ఇంత గొడవ దేనికండీ, ఎమ్యులేటరు వేసుకుంటే మన పీసీలోనే అమిగా నడుస్తుందిగా అంటారు. నడుస్తుంది, ఆటలాడుకోవడానికి అది చాలు. కానీ తీగలు తగిలించి పని చేయించుకునేవాడి సంగతి వేరు. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో 19 ప్రభుత్వ బళ్ల హీటర్లనీ ఏసీలనీ 1980ల నాటి ఒక్క అమిగాయే నడిపిస్తోందని 2015లో వార్తలొచ్చాయి. ప్రోగ్రాము రాసింది అప్పటి హైస్కూలు విద్యార్థి. ఏదైనా మొరాయిస్తే ఇంకా ఆయనకే కబురు పెట్టేవారట. బళ్లతో అది రేడియోలో మాట్లాడే ఫ్రీక్వెన్సీ, సిబ్బంది వాకీటాకీల ఫ్రీక్వెన్సీ ఒకటే కావడంతో, ఒక్కోసారి పావుగంట సేపు మనుషులు నోరు మూసుకోవాల్సొచ్చేది, కంప్యూటరు మాట్లాడుకోవాలి కనుక!

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మీ పిల్లలకు గరాజ్ సేల్‌లో ఇలాంటి పెట్టె ఏదైనా కనబడితే, ప్లగ్గు పెట్టి చూద్దామని ఆత్రపడొద్దనండి. ముందు మూత విప్పి, పీపాలాంటి ఆ బ్యాటరీ ఉందేమో చూసి, ఉంటే కత్తిరించేయమనండి. అమిగా 500 అయితే అడుగున చిన్న తలుపు తీసి, అందులో మెమరీ కార్డు ఉంటే దాని మీద కూడా వెతకమనండి. అది అక్కడా దాక్కుంటుంది.