కొత్త కారుతో మొగిలి కనుమ

కొత్త బండి కొన్నవారు మొదట దానిని ఏ దేవుని సన్నిధికి తీసుకుపోతారో చూస్తే చాలు, వారి పూర్వులు ఏ సీమనుండి వచ్చారో తెలిసిపోతుంది. బెంగళూరులో స్థిరపడిన మా చిత్తూరు సీమ కుటుంబాలకు ఆ దేవుడు కాణిపాకం వరసిద్ధి వినాయకుడు. మూడు తరాలుగా మా యింటనుండి అక్కడికి వెళ్ళి వచ్చినవి ఒక అంబాసిడరు, రెండు ఫియట్లు, ఒక మారుతి. ఈ మధ్య వెళ్ళి వచ్చిన బండి మాత్రం వాటి కులానిది కాదు.

మా మేనల్లుడు కొన్నది బి.ఎం.డబ్ల్యు. వారి జెడ్-4 అనే స్పోర్ట్సు కారు. కంపెనీ జర్మనీది, కారు తయారైనది ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, 2998 సి.సి. ఇంజను, 340 గుర్రాల బలం. ఎనిమిది గేర్లూ వాటంతట అవే మారుతాయి. మీట నొక్కితే గుడ్డ టాపు పది సెకండ్లలో మడిచిన గొడుగులా వెనక్కి వెళ్ళిపోతుంది. ఇంత చేసీ కూర్చునే చోట్లు రెండే. 20 లక్షలు దాటిన కారుకు కర్ణాటకలో జీవితకాల పన్నే 18 శాతం అని విన్నప్పుడు మా అక్కయ్య, "ఆ పన్ను డబ్బుతో అయిదుగురు కూర్చునే కారు వచ్చేది కదరా!" అన్నది. ఆ మాట లెక్కకు సరిగ్గానే ఉన్నది.

కాని ఆమె బాధ డబ్బు గురించి కాదు. మా బావగారు 2003లో పలమనేరు దాటిన తరువాత మొగిలి కనుమలో లారీ ఢీకొని పోయారు. అప్పటికి మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. ఆ తరువాత అక్కయ్య చిత్తూరు వెళ్ళవలసి వస్తే రైలులోనే వెళ్ళింది. కొడుకు వేగం కోసమే పుట్టిన బండిని కొంటున్నాడని తెలిసి రెండు రోజులు ఊరకున్నది. మూడవనాడు మాత్రం, "కొంటే కొనుక్కో. మొదట ఆ కనుమ దారినే కాణిపాకం తీసుకుపో. నెమ్మదిగా దిగి, నెమ్మదిగా ఎక్కి రా. మీ మామను వెంట తీసుకుపో" అన్నది. అలా ఆ రెండవ సీటు మా పాలబడింది.

కారు ఇచ్చేనాడు షోరూములో పెండ్లి సందడి. బండిమీద ఎర్రని ముసుగు, పూలదండ, కోయడానికి కేకు, ఫొటోలు. ఇవన్నీ జరుగుతూ ఉండగానే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కాగితాలమీది ఛాసిస్ నెంబరు బండిమీది దానితో సరిపోవాలి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలలో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. అవి చూస్తే టైరు వయసు తెలుస్తుంది. ఓడలోను, లారీలోను వచ్చే కార్లకు టైర్లలో గాలి ఎక్కువ కొట్టి పంపడం కద్దు. దానిని పుస్తకంలో ఉన్న లెక్కకు దించారా అని అడగాలి. ఈ కారుకు స్టెప్నీ లేదు. నేలకూ బండి కడుపుకూ మధ్య ఎడం అయిదంగుళాలకు తక్కువే. ఆ సంగతి షోరూము గేటు ముందున్న మొదటి స్పీడు బ్రేకరే మాకు తెలియజెప్పింది. దానిని ఏటవాలుగా, నత్తనడకన దాటాము. వెనకనున్న ఆటోవాడు హారను మోగించి, కారును చూసి, జాలిపడి ఊరుకున్నాడు.

కొత్త ఇంజనును అదుపులో పెట్టి నడపడాన్ని రన్నింగ్-ఇన్ అంటారు. మా చిన్నతనంలో కొత్త ఫియట్ల వెనక అద్దంమీద ఆ రెండు మాటలూ రాసి అంటించేవారు. చూసినవారు దయతలచి దాటిపోయేవారు. ఇప్పుడా కాగితం కనిపించదు గాని, పని మాత్రం పోలేదు. సిలిండరు లోపలి గోడమీద కర్మాగారంలోనే అడ్డదిడ్డంగా సన్నని గీతలు చెక్కుతారు. నూనె ఆ గీతలలో నిలుస్తుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు ఆ గోడకు ఒరుసుకుంటూ, దాని తీరుకు తామూ అరిగి అమరాలి. మితిమీరి తోలితే వేడెక్కి గీసుకుపోతాయి. మరీ ముద్దుచేసినా చెరుపే. ఒత్తిడి చాలక రింగులు గోడకు సరిగా ఆనవు, గోడ నునుపెక్కి ఇంజను నూనె తాగడం మొదలుపెడుతుంది. పిల్లల పెంపకంలోనూ మన పెద్దలు చెప్పినది ఇదే.

మా కారు పుస్తకం ప్రకారం మొదటి 2000 కి.మీ. వరకు ఇంజను నిమిషానికి 4500 చుట్లు దాటకూడదు, వేగం 160 దాటకూడదు. రెండవ షరతు చదివి నవ్వుకున్నాము. నాలుగు వరుసల జాతీయ రహదారిమీద మన చట్టం 100 దగ్గరే ఆపుతుంది. అసలైన షరతు మరొకటి: ఒకే వేగంతో గంటలకొద్దీ పోరాదు, వేగం పెరుగుతూ, తగ్గుతూ ఉండాలి. టైర్లకు పట్టు రావడానికి 300 కి.మీ., బ్రేకులు పూర్తిగా కుదురుకోవడానికి 500 కి.మీ. పడుతుంది.

కనుక ముందుగానే కనుమకు పోలేదు. మూడు ఆదివారాలు తెల్లవారుజామున లేచి హొసూరు, తళి, దేంకనికోట చుట్టి వచ్చాము. చెరువుగట్లు, రాగిచేలు, ఊరికొక మలుపు. వేగం మార్చమని ఇంజనుకు వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్రం తమిళనాడయినా పల్లెలలో చెవినిపడేది మన తెలుగే. తళి దగ్గర టీ తాగుతూ ఉంటే ఒక ముసలాయన కారు చుట్టూ తిరిగి, "నాయనా, దీంట్లో గడ్డిమోపు ఏడ పెట్టేది?" అని అడిగాడు. సామాను చోటు 281 లీటర్లని మేనల్లుడు జవాబు చెప్పాడు. "లీటర్లలో పాలు కదా పోసేది" అని ఆయన వెళ్ళిపోయాడు. ఈ తిరుగుళ్ళతో 520 కి.మీ. పూర్తయినాయి.

నాలుగవ ఆదివారం తూర్పుదారి పట్టాము. హొస్కోటె దాటితే చెన్నైవైపు కొత్త ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నది. ఈ వైపు భాగంలో 2024 చివరనుండి బండ్లు నడుస్తున్నాయి. గీత గీసినట్టుండే ఆ రోడ్డు కొత్త ఇంజనుకు పనికిరాదని పాత దారినే కోలారు, ముళబాగిలు మీదుగా పోయాము. మూడలబాగిలు, అనగా తూర్పు వాకిలి, అన్నదే ముళబాగిలయింది. హొయసళుల శాసనాలలో తూర్పు ఎల్లగా చెప్పిన నంగలి ఆ తరువాత వస్తుంది. అది దాటితే బోర్డులమీద అక్షరాలు మారి, మన గుండ్రని అక్షరాలలోనే తలకట్లు తేలి వస్తాయి. పలమనేరులో ఇడ్లీ తిని, టాపు మూసి, మేనల్లుడు స్టీరింగు తీసుకున్నాడు.

పలమనేరు వరకు మనం మైసూరు పీఠభూమిమీద ఉంటాము. చిత్తూరు దానికి బాగా దిగువన ఉన్నది. ఆ దిగుడంతా మొగిలి కనుమలోనే. మా తాత ఎడ్లబండిలో కుటుంబాన్ని ఎక్కించుకొని ఈ కనుమ ఎక్కే బెంగళూరు చేరాడు. ఇప్పుడు రోడ్డు నాలుగు వరుసలు, నడుమ గట్టు. అయినా 2024 సెప్టెంబరులో ఇక్కడే బస్సూ లారీలూ ఢీకొని పలువురు చనిపోయారు. రోడ్డు వెడల్పయితే సరిపోదు. దిగుడంతా బ్రేకుమీద కాలుంచిన లారీకి బ్రేకులు కాగి, చివరకు పట్టకుండా పోతాయి. అందుకే కనుమను గేరులో దిగాలి. మేనల్లుడు స్టీరింగు వెనకనున్న మీటతో మూడవ గేరుకు దించి, ఇంజనుతోనే బండిని పట్టి ఉంచాడు. ఎత్తులో లాగడం, పల్లంలో పట్టడం కొత్త రింగులకు మంచి మందు కూడాను.

సగం దిగాక అడిగాడు. "మామా, నాన్న పోయినది ఏ మలుపు?"

ఇరవైయేళ్ళు పైబడినా వాడు ఈ ప్రశ్న అడగలేదు, ఎవరమూ చెప్పలేదు. చూపిద్దామంటే ఆ మలుపు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొండ అంచు కోసి వంపు తీసేశారు. పక్కనుండిన చింతచెట్టు కూడా లేదు. "ఇక్కడే ఎక్కడో, నాయనా" అన్నాము. వాడు మాట్లాడలేదు. ముల్లు నలభైమీదనుండి కదలలేదు. కనుమ దిగాక మొగిలీశ్వరుని గుడిదగ్గర బండి ఆపి, కొంతసేపు కొండవైపు చూసి, మళ్ళీ ఎక్కాడు.

కాణిపాకం చిత్తూరుకు సుమారు 12 కి.మీ. బావిలో వెలసిన స్వామి, బాహుదానది ఒడ్డు. మొదటి కుళోత్తుంగ చోళుడు 11వ శతాబ్దంలో కట్టించిన గుడి అంటారు. ఇక్కడ చేసిన ప్రమాణానికి తిరుగులేదని జనం నమ్మకం. తాగుడు మానుతామని ఒట్టు వేసుకోవడానికి దూరదూరాలనుండి వస్తారు. బండిపూజకు మా ముందు ఒక ట్రాక్టరు, వెనక ఒక పాలవ్యాను. అందరి చక్రాల కింద నిమ్మకాయలే, అందరి బానెట్లమీద కుంకుమే. పూజ అయ్యాక మేనల్లుడు ఒక్కడే మళ్ళీ లోపలికి పోయి పావుగంటకు వచ్చాడు. ఏమి మొక్కుకున్నాడో మేము అడగలేదు.

తిరుగుప్రయాణంలో కనుమ ఎక్కుతూ ఉంటే రెండు లారీలు పక్కపక్కన చేరి, ఒకదానినొకటి దాటాలని రెండు వరుసలనూ మూసేశాయి. వేగం పాతిక. సందు కనబడుతూ, మూసుకుపోతూ ఉన్నది. ఇంజను బలం వాడి కాలికింద ఉన్నది. మా గుండె మా గొంతులో ఉన్నది. వాడు హారను కూడా కొట్టలేదు. "పోనీ మామా, ఎంతసేపు పోతారు, పైదాకానే గదా" అని వెనకనే పోనిచ్చాడు. ఆ మాటే ఇంటికి వెళ్ళి అక్కయ్యకు చెప్పాము. ఆమె ఏమీ అనలేదు. 2000 కి.మీ. ఎప్పుడు పూర్తవుతాయని మాత్రం అడిగింది. పూర్తయిన వారం, వాన లేని సాయంత్రం చూసి, కొంగు తలకు చుట్టుకొని రెండవ సీటులో కూర్చుని లాల్‌బాగు వరకు వెళ్ళి వచ్చింది.

కొత్త బండితో కాణిపాకం పోయే మన కుటుంబాలవారు కోలారు దారినే తెల్లవారకముందు బయలుదేరడం మంచిది. పలమనేరులో ఒకసారి ఆగి టైర్లు చూసుకోవాలి. కనుమ ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలి. ముందున్న లారీ ఎంత నెమ్మదిగా పోయినా కనుమ దాటాక రోడ్డు ఎలాగూ విశాలమవుతుంది.