పాట ఎవరిదో చెప్పే గొంతు

2025 అక్టోబరు 15న గాయని రావు బాలసరస్వతీదేవి హైదరాబాదులో కన్నుమూశారు. 97 ఏళ్ళు. ఆ వారాంతంలోనే, 18, 19 తేదీల్లో, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ట్రావిస్ స్కాట్ కచేరీ. మర్నాడు దీపావళి. మెట్రో వయొలెట్ లైన్ నిండా కుర్రాళ్ళు, ఒంటి మీద ఆ గాయకుడి పేరున్న నల్ల టీషర్టులు. వాళ్ళ మధ్య ఇరుక్కుని నేను ఫోన్లో బాలసరస్వతి పాట వెతుక్కున్నాను. పాట దొరికింది, ఆవిడ పేరే కనపడలేదు. పాడినవారి పేరుండాల్సిన చోట ‘వివిధ కళాకారులు’ అని ఉంది.

ఆ పిల్లల మీద నాకే ఫిర్యాదూ లేదు. వాళ్ళకి తమ గాయకుడి పేరు తెలుసు, వీపు మీద మోస్తున్నారు కూడా. నేను వెతికింది తెలుగు సినిమాలో నేపథ్యగానానికి తొలి గొంతుగా చెప్పుకునే మనిషిని. 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో నటి కమలా కోట్నీస్‌కి ఆవిడ పాడారు. అంతకు ముందు తెర మీద దాదాపుగా ఎవరి పాట వాళ్ళే పాడుకునేవారు. మొహం ఒకరిది, గొంతు ఒకరిది అనే ఏర్పాటు వచ్చాకే ఆ గొంతు ఎవరిదో ఎవరో ఒకరు చెప్పాల్సిన అవసరం పడింది. హిందీలో 1949 నాటి ‘మహల్’ రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, పాత్ర పేరు ‘కామిని’ అని అచ్చేశారు. ఎవరీ కామిని అని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాస్తే, రేడియోవాళ్ళు గ్రామఫోన్ కంపెనీని అడిగి తెలుసుకుని చెప్పారు.

అలా చెప్పే రేడియో మా ఇంట్లో ఉండేది. ఢిల్లీ నౌరోజీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టరు మాది. ఆ క్వార్టర్లన్నీ పడగొట్టి ఇప్పుడక్కడ వరల్డ్ ట్రేడ్ సెంటర్ పేరుతో అద్దాల టవర్లు లేపారు. మా వంటింటి కిటికీ ఏ టవరు కింద పడిందో నేను పోల్చుకోలేను. పగటిపూట హైదరాబాదు స్టేషను అందేది కాదు. మీడియం వేవ్ పగలు నేలని అంటిపెట్టుకుని కొంత దూరమే పోతుంది. చీకటిపడ్డాక ఆకాశంలో పైపొరకి తగిలి వెనక్కి తిరిగి, వందల మైళ్ళ అవతల దిగుతుంది. అందుకని చలికాలం రాత్రుళ్ళు 738 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు పెట్టి కూర్చునేవాళ్ళం. పాట దగ్గరికొచ్చేది, దూరమయ్యేది, మధ్యలో ఏ దేశానిదో భాష పైకి తేలేది. తమాషా ఏమిటంటే, పొద్దున హైదరాబాదు, విజయవాడ వినే ఢిల్లీ తెలుగు వార్తలు మా ఊళ్ళోనే, పార్లమెంట్ స్ట్రీట్‌లో కూర్చుని చదివేవాళ్ళు. తెలుగు పాట కోసం మాత్రం మేం రాత్రయ్యేదాకా ఆగాలి.

నాన్న ఆఫీసు నుంచి పొడుగాటి లెడ్జరు ఒకటి తెచ్చి దాన్లో నిలువుగా నాలుగు గళ్ళు గీశారు. చిత్రం, రచన, సంగీతం, పాడినవారు. అనౌన్సరు చెప్పే వరస కూడా అదే. పాట గరగరలో కొట్టుకుపోయినా ఆయన పట్టించుకునేవారు కాదు. పేరు కొట్టుకుపోతే మాత్రం మొహం మాడ్చుకునేవారు. ఆ గడి ఖాళీగా ఉండిపోయేది. “సుశీలే కదా, చెవులు లేవా మనకి?” అని అమ్మ అంటే, “వాళ్ళు చెప్పనీ” అనేవారు. నెల్లాళ్ళకో ఏడాదికో అదే పాట మళ్ళీ వచ్చి పేరు స్పష్టంగా వినిపిస్తే అప్పుడు రాసేవారు, ఆ రోజు చేతిలో ఏ కలం ఉంటే దాంతో. అందుకని ఆ పేజీల్లో నీలిసిరా వరసల మధ్య ఒక్కో గడి ఎర్రగా, ఒక్కోటి నల్లగా, కొన్ని పెన్సిలుతో ఉంటాయి. చలపతిరావు, ఆదినారాయణరావు, రమేశ్ నాయుడు: ఈ సంగీత దర్శకులంతా నాకు ముందు నాన్న చేతిరాతగానే పరిచయం.

తర్వాత క్యాసెట్లొచ్చాయి. ఊరెళ్ళినవాళ్ళు ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తూ తెచ్చేవారు. రాష్ట్రం విడిపోయాక ఆ బండి తెలంగాణా ఎక్స్‌ప్రెస్ అయింది గానీ, మా తరంవాళ్ళ నోట ఇంకా పాత పేరే వస్తుంది. ఢిల్లీ బజార్లలో దొరికేవి హిందీవి. దర్యాగంజ్‌లో పళ్ళరసం కొట్టు పెట్టుకున్న కుటుంబం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ క్యాసెట్ల వ్యాపారం అప్పటికి నోయిడాలో పెద్ద కార్ఖానా అయింది. రఫీ, ముకేశ్ పాటలు కొత్తవాళ్ళ గొంతుల్లో, పాతవాటికన్నా చవగ్గా వచ్చేవి. రికార్డు వెలువడి రెండేళ్ళు దాటితే మళ్ళీ పాడించుకోవడానికి కాపీరైటు చట్టంలో అప్పట్లో వెసులుబాటు ఉండేది. నాన్న వాటిని కొనడానికి మొహమాటపడలేదు. కాకపోతే నాలుగో గడిని మధ్యకి చీల్చి, ముందు పాడినవారు, ఇప్పుడు పాడినవారు అని రెండు పేర్లు రాశారు. మా ఇంట్లో కాపీరైటు వివాదం అక్కడితో పరిష్కారమైపోయింది.

2025లోనే, మార్చి 9న తిరుపతిలో గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ పోయారు. ముందురోజు లండన్‌లో ఇళయరాజా సింఫనీ కచేరీ, అందరి ఫోన్లలోనూ అవే ఫొటోలు. ఆ సంబరం వార్తల మధ్య ఈ కబురు నాకు సాయంత్రానికి గానీ చేరలేదు. మా దగ్గరున్న అన్నమయ్య క్యాసెట్ల లోపలి కాగితం మీద ‘స్వరకల్పన’ అని, పక్కన ఆయన పేరు ఉండేది. గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ బాలాజీ గుడికి వెళ్ళినప్పుడు ‘వినరో భాగ్యము’ వినపడితే పక్కనున్నవాళ్ళు, అన్నమయ్య ఎంత బాగా కట్టాడండీ, అంటుంటారు. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. శతాబ్దాల మౌనం తర్వాత ఆ మాటలకి వరసలు కట్టినవాళ్ళు మన కాలంవాళ్ళే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి కట్టారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో చేరిన బాలకృష్ణ ప్రసాద్ ఒక్కరే ఆరు వందలకు పైగా కట్టారు. వరస ఎంత ఇమిడిపోయిందంటే కట్టినవాడు మాయమైపోయాడు. అది ఆయన గొప్పతనమే. అలాగని పేరు చెప్పకుండా ఊరుకోవడానికి అది సాకు కాదు.

అదే ఏడాది సెప్టెంబరు 19న సింగపూర్‌లో అస్సామీ గాయకుడు జుబీన్ గార్గ్ పోయినప్పుడు నాకు తెలిసింది ‘యా అలీ’ ఒక్కటే. ద్వారకలో మా కింది ఫ్లాటు అస్సామీవాళ్ళు ఆ రాత్రి తలుపులు తీసిపెట్టి ఒక్కో పాటా వినిపిస్తూ, ఇది ఏ సినిమాది, ఎవరు రాశారు, అతనికప్పుడు ఎన్నేళ్ళు అని చెప్పుకొచ్చారు. నేను విన్న అనౌన్సర్లలో వాళ్ళని చివరివాళ్ళుగా లెక్కేసుకున్నాను.

ఇక ఆ ఏడాది ఢిల్లీ హైకోర్టులో నడిచింది కూడా ఈ నాలుగు గళ్ళ గొడవే. ‘పొన్నియిన్ సెల్వన్ 2’లో ఏఆర్ రెహమాన్ ‘వీరా రాజా వీరా’ పాట, తన తండ్రి ఫయాజుద్దీన్ డాగర్, పెదనాన్న జహీరుద్దీన్ డాగర్ కట్టిన ‘శివస్తుతి’ నుంచి వచ్చిందని ధ్రుపద్ గాయకుడు వాసిఫుద్దీన్ డాగర్ దావా వేశారు. సినిమాలో డాగర్‌వాణి సంప్రదాయం ఆధారంగా అని వేశారు గానీ, ఆ అన్నదమ్ముల పేర్లు వెయ్యలేదు. ఏప్రిల్ 25న సింగిల్ జడ్జి ఆ ఇద్దరి పేర్లూ వెయ్యమన్నారు, రెండు కోట్లు డిపాజిట్ చెయ్యమన్నారు. సెప్టెంబరు 24న డివిజన్ బెంచి ఆ ఉత్తర్వు కొట్టేసింది. పాడినవాళ్ళే కట్టినవాళ్ళని అనుకోలేం అన్నది స్థూలంగా దాని వాదం. న్యాయం నాకు తెలియదు గానీ, ధ్రుపద్ లాంటి విద్యలో ఎవరు పాడారు, ఎవరు కట్టారు అన్నవి విడివిడి గళ్ళు అవునో కాదో తేల్చడం లెడ్జరు గీసినంత సులువు కాదు. అయినా ఒక్క మాట. కోర్టు చెప్పినా చెప్పకపోయినా, పేరు వెయ్యడానికి తెర మీద ఒక వరస, గాలిలో మూడు సెకన్లు చాలు.

ఆ డిసెంబరులో మా కాలనీ తెలుగువాళ్ళు హాలు అద్దెకు తీసుకుని పిల్లల చేత పాడించారు. ఒక పాప అన్నమయ్య కీర్తన అందుకోబోతుంటే కార్యక్రమం నడిపే అమ్మాయి రాగం, తాళం ఫోన్లో చూసి చదివింది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, స్వరకల్పన ఎవరిదమ్మా, అన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ ఫోను చూసి తలడ్డంగా ఊపింది. నేదునూరి వారిది అని ఒకరు, కాదు బాలకృష్ణ ప్రసాద్ గారిదని ఇంకొకరు లేచారు. పాప మైకు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. చివరికి పాట కానిచ్చారు గానీ ఆ వాదన పులిహోర దగ్గర మళ్ళీ మొదలై, పార్కింగు దాకా సాగింది.