వానలు కురిసే చోట కరువు

మా చేను గట్టు మీద నిలబడితే కర్రెగుట్టలు కనిపిస్తాయి. గుట్టల అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. ఇవతల, గోదావరి ఒడ్డున మా వెంకటాపురం మండలం. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, నేను చదువుకునే రోజుల్లో ఖమ్మం జిల్లా. ఏటా మిర్చి పండే వేళకు కూలీలు గుట్టలు దిగి వచ్చేవారు. కాయ ఏరడం అయిపోగానే ఏప్రిల్‌లో తిరిగి వెళ్లేవారు. వాళ్ల ఊళ్ల పేర్లు మేమెప్పుడూ అడగలేదు. 'బస్తరోళ్లు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునేవాళ్లం.

2006లో వచ్చినవాళ్లు మాత్రం కూలీకి వచ్చినట్టు లేరు. నెత్తిన వంట గిన్నెలు, చంకలో కోళ్లు, వెంట ముసలివాళ్లు. "అక్కడ కరువట బిడ్డా" అన్నాడు నాయిన. నేనూ నమ్మాను. కరువంటే వాన పడకపోవడమేనని అప్పటికి నాకు తెలిసిన లెక్క. కానీ బస్తర్‌లో వానకు కొదవ లేదు. ఇంద్రావతి, తాలిపేరు, చింతవాగు పారే నేల అది. మా చింత చెట్టు కింద కూర్చున్న ఒక ముసలామెను అడిగితే వచ్చీరాని తెలుగులో చెప్పింది: "వడ్లు పండినయి. గాదె కాలబెట్టిన్రు. సంత బందయింది." ఆ మూడు ముక్కలు అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలోని కుట్రు వైపు సల్వాజుడుం మొదలైంది. అప్పటికి బీజాపూర్ దంతెవాడ జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 2007లో. మావోయిస్టులకు వ్యతిరేకంగా జనం తమంతట తాము లేచారని ప్రభుత్వం చెప్పింది. ఊళ్లను రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరాల్లో చేరినవారు దాదాపు యాభై వేలు. అంతకు మించిన జనం అడవిలోకో, సరిహద్దు దాటి మా వైపో వచ్చారు. శిబిరానికి రానివాడు శత్రువు పక్షం అన్న తర్కంతో లోపలి సంతలు మూతపడ్డాయి. రేషన్ దుకాణాలు శిబిరాలకు మారాయి. పొలంలో వరి ఉంది, కోయడానికి మనిషి లేడు. అడవిలో ఇప్పపువ్వు, చింతపండు ఉన్నాయి, అమ్ముకుని ఉప్పు కొనడానికి సంత లేదు.

ఇది కొత్త ఉపాయం కాదు. 1942లో జపాన్ సేనలు వస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్ తీరంలో పడవలనూ బియ్యం నిల్వలనూ స్వాధీనం చేసుకుంది. శత్రువుకు దక్కకూడదన్నది కారణం. దక్కకుండా పోయింది బెంగాలీలకు. మరుసటి ఏడాది కరువులో చచ్చిపోయినవారు దాదాపు ముప్పై లక్షలు. ఆ కరువును చదివిన అమర్త్య సేన్ 1981లో చెప్పిన మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. ఆకలికి కారణం తిండి లేకపోవడమే కానక్కరలేదు, ఉన్న తిండి మనిషికి అందకపోవడం. ఎందుకు అందలేదని అడిగితే సమాధానం ఆకాశంలో దొరకదు, ఆఫీసు ఫైళ్లలో దొరుకుతుంది.

మన పెద్దలు కరువులకు తెలుగు సంవత్సరాల పేర్లు పెట్టారు. 1876లో మొదలైనది ధాత కరువు. పేరు ఏడాదిది కాబట్టి తప్పూ ఏడాదిదే అయింది. ఆ కరువులో పనిచేసే మనిషికి రోజుకు అరకిలో కూడా లేని ధాన్యం, పైన ఒక అణా చాలునని లెక్కగట్టిన సర్ రిచర్డ్ టెంపుల్ పేరు మన కరువుల్లో దేనికీ లేదు. అంతకు మూడేళ్ల ముందు బీహార్‌లో ఇదే టెంపుల్ ధాన్యం తెప్పించి ప్రాణాలు కాపాడాడు. ఖర్చు ఎక్కువైందని తిట్లు తిన్నాడు. మద్రాసు రాష్ట్రానికి వచ్చేసరికి పాఠం నేర్చుకున్నాడు.

2014లో ఒక మిత్రుడితో కలిసి బీజాపూర్ వెళ్లాను. అప్పటికి సుప్రీంకోర్టు ప్రత్యేక పోలీసు అధికారులుగా గిరిజన యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి మూడేళ్లయింది. ఛత్తీస్‌గఢ్ తన సొంత ఆహార భద్రతా చట్టం తెచ్చి రెండేళ్లయింది. పేద కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం, కిలో ఒకటీ రెండు రూపాయలకే. దేశమంతా మెచ్చుకున్న పథకం. మెచ్చుకోలు అబద్ధం కాదు. కానీ ఇంద్రావతి రేవులో ఒక మధ్యవయసు మనిషి బియ్యం మూటతో పడవ కోసం కూర్చుని ఉన్నాడు. ఇంటి నుంచి దుకాణానికి ఒక రోజు, మళ్లీ ఇంటికి ఒక రోజు. దారిలో ఆపినవాళ్లు "ఇంత బియ్యం ఎవరికి?" అని అడుగుతారట. ఇంట్లో ఎనిమిది మందిమంటే నమ్మరట. అందుకని సగమే తీసుకెళ్తున్నాడు. సగం బియ్యం అతని పేరున దుకాణంలోనే ఉండిపోయింది. రికార్డులో మాత్రం అందినట్టే ఉంటుంది.

జ్వరానిదీ ఇదే దారి. బస్తర్ మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపారం రకం. వేళకు మాత్రలు పడితే తగ్గే జబ్బే. మాత్రలు పడకపోతే మెదడుకెక్కి చంపుతుంది. మాత్ర ఖరీదైనది కాదు. మంచాన్ని కావడి చేసుకుని రోగిని ఆస్పత్రికి మోసుకురావడమే ఖరీదు. మందుల సంచి పట్టుకుని నడిచేవాడి మీదా అనుమానమే. కుట్రు ఆరోగ్య కేంద్రానికి సాయం చేస్తున్న అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, ప్రభుత్వ అనుమతి విషయం తేలక 2013లో ఛత్తీస్‌గఢ్‌లో పని ఆపవలసి వచ్చింది.

రెండో పక్షం లెక్క కూడా చెప్పాలి. మావోయిస్టులు రోడ్లు తవ్వేశారు. బలగాలు మకాం వేస్తాయని బడి భవనాలు పేల్చారు. శిబిరం నుంచి ఇల్లు చేరిన మనిషిని ద్రోహిగా చూశారు. తవ్విన రోడ్డు మీద పోలీసు జీపు ఒక్కటే కాదు, నొప్పులు పడే ఆడమనిషి ఎక్కవలసిన బండీ ఆగిపోతుంది. ఇద్దరి యుద్ధమూ జనం కోసమే. ఆ జనానికి మాత్రం ఉప్పు రెండు రోజుల నడక దూరంలో ఉంది.

2020 ఏప్రిల్‌కు వస్తాను. అసలు ఈ వ్యాసం దాని గురించే.

లాక్‌డౌన్‌తో నేను ఊళ్లోనే ఉన్నాను. మిర్చి ఏరడం అయిపోయింది. కల్లంలో కాయ ఎండుతోంది, బండ్లు లేక మార్కెట్‌కు పోవడం లేదు. కూలీలు పదకొండు మంది మా రేకుల షెడ్డులో ఉన్నారు. బయటివాళ్లను ఊళ్లో ఉంచుకుంటే జబ్బు వస్తుందని ఊరంతా మాట్లాడుకుంటోంది. నాయిన కూలి లెక్క కట్టి ఇచ్చాడు. పది కిలోల బియ్యం, కొంచెం కారం కట్టించాడు. "పోతరా మరి?" అన్నాడు. అది ప్రశ్న కాదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. మేస్త్రీ తల వంచుకుని "పోతం అయ్యా" అన్నాడు. రోడ్డు మీద ఆపుతారని తెల్లవారుజామున గుట్టల దారి పట్టారు. నేను గేటు దాకా వెళ్లాను. అంతే.

ఆ వారంలోనే మరో వార్త వచ్చింది. ములుగు జిల్లాలోనే ఇంకోచోట మిర్చి ఏరి, బీజాపూర్‌కు కాలినడకన బయల్దేరిన గుంపులో పన్నెండేళ్ల పిల్ల మూడు రోజులు నడిచి ఇంటికి కొద్ది దూరంలో చనిపోయింది. పరీక్షలో కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు తగ్గి, అలసిపోయి పోయిందన్నారు డాక్టర్లు. మహమ్మారి ఆమెను తాకనే లేదు. మహమ్మారి పేరుతో మూసిన దారులు తాకాయి. ఆ దారులు మూసినవాళ్లు ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఒక్కరే లేరు. మా షెడ్డు తలుపు కూడా ఆ లెక్కలోదే.

విచిత్రం ఏమంటే అదే 2020లో, లాక్‌డౌన్‌కు ముందు జనవరిలో, 'మలేరియా రహిత బస్తర్' పేరుతో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్త పరీక్ష చేశారు. కళ్లెదుటే మాత్రలు మింగించారు. వాగులు దాటారు, గుట్టలెక్కారు. ఆ తర్వాత కేసులు బాగా తగ్గాయి. చేరలేమన్న ఊళ్లకు చేరవచ్చని అప్పుడు తేలింది. అంతకుముందు అడ్డం పడింది గుట్టలు కావన్నమాట.

ఇప్పుడు లోపలికి రోడ్లు పడుతున్నాయి, రోడ్డు వెంట భద్రతా క్యాంపులూ వస్తున్నాయి. 2024లో ప్రభుత్వం 'నియద్ నెల్లా నార్' అన్న పథకం పెట్టి క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు రేషన్, కరెంటు, ఆస్పత్రి ఇస్తామంది. మంచిదే. కానీ 2021లో సిల్గేర్ దగ్గర నెలల తరబడి కూర్చున్న జనం అడిగింది ఇదే: బడి, ఆస్పత్రి కావాలంటే క్యాంపు పక్కనే ఎందుకు ఉండాలి? బియ్యాన్ని విధేయతకు బహుమతిగా ఇచ్చినంత కాలం అలిగిన రోజున దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. 2005లో తీసుకున్నారు కూడా.

మా పదకొండు మంది ఇల్లు చేరారు. ఆ సంగతి నాకు తెలిసింది మరుసటి ఫిబ్రవరిలో, మేస్త్రీ మళ్లీ కాయ ఏరడానికి వచ్చినప్పుడు. ఎన్ని రోజులు పట్టిందని అడిగాను. నాలుగు అన్నాడు. అతని ఫోన్ నంబరు కూలి లెక్కల పుస్తకంలో మొదటి నుంచీ ఉంది. ఆ పది నెలల్లో నేను ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.