కోలారు చలి, తెల్లపూల పరిమళం

కోలారు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు బంగారం గుర్తుకొస్తుంది. పట్టు, పాలు, శ్రీనివాసపురం మామిడిపండ్లు ఆ తరవాతే. నాకు మాత్రం ఆ పేరు వింటే ముక్కుకి తెల్లపూల వాసన తగులుతుంది. మార్గశిర పుష్య మాసాల్లో, పొద్దుగూకే వేళ, మఫ్లరు చుట్టుకుని రాబర్ట్‌సన్‌పేట బజారులో నడిచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. నడవనివారి కోసమే ఈ నాలుగు మాటలు.

బెంగళూరు నుంచి కోలారు బంగారు గనులకు సుమారు వంద కిలోమీటర్లు. బంగారుపేటలో మెయిన్ లైను విడిచిన రైలు కోరమండల్, ఊరుగాం, ఛాంపియన్ దాటి మారికుప్పంలో ఆగిపోతుంది. గనుల కోసం 1894లో వేసిన ఈ చిన్న లైను మీదే ఇవాళ వేలమంది తెల్లవారకముందే బెంగళూరుకు పనికి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఊరు సముద్రమట్టానికి 2,700 అడుగులకు పైన ఉంది. అందుకని డిసెంబరు సాయంత్రాలు బాగా చల్లబడతాయి. కార్మికుల లైన్లలో తమిళం, ఆఫీసుల్లో కన్నడం, చుట్టుపక్కల పల్లెల్లో మన తెలుగు. మూడు భాషలూ ఒకే నోట పలికేవారు వీధికి పదిమంది దొరుకుతారు.

ఇంతకీ ఏమిటా పువ్వు? మల్లె కాదు. మల్లె వేసవి పువ్వు, చలికాలంలో దాని ధర బంగారంతో పోటీపడుతుంది. ఆ రోజుల్లో ఈ ప్రాంతాన్ని ఆదుకునేది కోస్తాలో లిల్లీ అనీ, పుస్తకాల్లో రజనీగంధ అనీ పిలిచే పువ్వు. కన్నడంలో సుగంధరాజ. గనుల ఊళ్ళో తమిళుల నోటి నుంచి వచ్చిన ‘సంపంగి’ అన్న పేరే అందరికీ వాడుక. నిజానికి ఇది మన సంపెంగకు చుట్టం కూడా కాదు. మెక్సికోలో పుట్టి, సముద్రాలు దాటి వచ్చి, మన దండల్లో చేరింది. దీనికి తోడు, నవంబరు నెలలో పాత బంగళాల దారుల్లో ఆకాశమల్లె చెట్టు ఒకటి కనిపించిందంటే ఆగి తీరవలసిందే. పొడవాటి కాడల తెల్లపూలు రాత్రంతా రాలి, పొద్దున్నకి నేల మీద దుప్పటి పరిచినట్టు ఉంటాయి.

తెల్లపూలు సాయంత్రమే ఎందుకు ఎక్కువ వాసన వేస్తాయని మా అమ్మాయి అడిగింది. చీకట్లో రంగులతో పనిలేదు. రాత్రి తిరిగే చిమ్మటలను పిలవాలంటే పువ్వుకు తెలుపూ, వాసనా ఈ రెండే సాధనాలు. అందుకే రజనీగంధ మొగ్గ పొద్దు వాలాక విచ్చుకుని, రాత్రి దాచుకున్నదంతా బయటపెడుతుంది. గాలి కదలని చలి సాయంత్రాల్లో ఆ వాసన పైకి చెదిరిపోక మనిషి ఎత్తునే నిలిచి ఉంటుంది.

మా మేనమామ ఛాంపియన్ రీఫ్ గనిలో ముప్పయ్యేళ్ళు పనిచేశారు. లోపల పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టే పని. ఆ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అట్టడుగున రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది. గాలి చల్లబరిచే యంత్రాలు లేకపోతే మనిషి నిలబడలేడు. ఆయన ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడరు. ఒకసారి మాత్రం అన్నారు:

“లోపల ఎప్పుడూ ఒకటే వాసన నాయనా. మందుగుండు పొగ, చెమట, తడిరాయి. షిఫ్టు దిగి పైకొస్తే ఒళ్ళు జిల్లుమనేది. గేటు దగ్గర పూలమ్మి బుట్ట. ఆ సంపంగి వాసన తగిలినాకనే, ఈ పొద్దుకి బతికి వచ్చినామురా అనిపించేది. రెండు మూరలు కొనుక్కోకుండా ఇంటికి పోయేవాణ్ణి కాదు.”

మా అత్తయ్య పక్కనే కూచుని వింటోంది. “పూలు నాకోసం తెస్తున్నాడనుకుంటిని ఇన్నాళ్ళూ” అంది. అందరం నవ్వాం. మామయ్య నవ్వలేదు. లోపల రాళ్ళు పేలి తిరిగిరానివాళ్ళు ఆయన తోటివారిలో ఉన్నారు.

గనుల కథ చాలామందికి తెలిసిందే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ అడుగుపెట్టింది. 1902లో, బెంగళూరు వీధుల కంటే ముందే, శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది. దొరల బంగళాలు, క్లబ్బు, చర్చిలు చూసి ఊరిని ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్నారు. నూట ఇరవయ్యేళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం బయటికి వచ్చింది. తొలి రోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా దొరికిన బంగారం చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం దేశాలు తిరిగింది. పిండిచేసిన రాయి మాత్రం ఇక్కడే మిగిలింది. మూడు కోట్ల టన్నులకు పైబడిన ఆ పొడి ఊరి చుట్టూ గుట్టలై ఉంది. వాటిని ‘సైనైడ్ దిబ్బలు’ అంటారు. గాలి కాలంలో ఆ దుమ్ము ఇళ్ళల్లోకి, అన్నం గిన్నెల్లోకి వస్తుంది.

ఆ దిబ్బలు చూశాక మామయ్య నన్ను బేతమంగళం వైపు ఒక తెలిసిన రైతు తోటకు తీసుకెళ్ళారు. ఒకప్పుడు గనుల పట్టణానికి నీళ్ళందించిన పాలారు చెరువు ఉన్నది అక్కడే. రజనీగంధను దుంపలతో నాటుతారు. మూడు నెలలకు పూకాడ వేస్తుంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్ళు పూస్తుంది. దండలకూ అత్తరుకూ ఒంటిరేకు పూలు, పూలకుండీల్లో పెట్టుకోవడానికి ముద్దపూలు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్, సువాసిని రకాల పేర్లు అక్కడి రైతులకు కంఠతా వచ్చు. తెల్లవారుజామున మంచులో, మొగ్గ విచ్చకముందే కోయాలి. వేళ్ళు కొంకర్లు పోతాయి. చలికి మొగ్గ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఎండలు ముదిరాక మొగ్గ విరగకాస్తుంది, ధర పడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద బెంగ నీళ్ళు. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు మళ్ళిస్తున్నారు. బోర్లలో నీళ్ళు లేచాయని సంతోషించేవారూ, ఆ శుద్ధి చాలదని భయపడేవారూ ఒకే అరుగు మీద కూచుని వాదించుకోవడం విన్నాను.

మా అమ్మాయి విదేశం నుంచి ఒక చిన్న సీసా తెచ్చింది. చలికాలం సాయంత్రాలకని అమ్మే తియ్యని తెల్లపూల సెంటట. అత్తయ్య చేతి మీద ఒక చుక్క వేస్తే వాసన చూసి, “ఇది మన సంపంగే గదే! దీనికింత దుడ్డు పోసినావా?” అంది. ఆమె ముక్కు తప్పలేదు. రజనీగంధ కోశాక కూడా చాలాసేపు పరిమళిస్తూనే ఉంటుంది. అందుకే ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో పూర్వం గాజుపలకల మీద కొవ్వు పూసి, పూలు పరిచి, ఆ వాసనను కొవ్వులోకి దింపేవారు. 1948లో పారిస్‌లో జెర్మేన్ సెల్లియే అనే ఆమె రొబేర్ పిగే సంస్థకు తయారుచేసిన ‘ఫ్రకా’ అనే సెంటుకు ప్రాణం ఈ పువ్వే. ఇప్పుడు ఆ సారంలో ఎక్కువ భాగం దక్షిణ భారతం నుంచే వెళుతోంది. తమిళనాడులో సత్యమంగళం, కోయంబత్తూరు వైపు అలాంటి ఫ్యాక్టరీలున్నాయి. సుమారు ఒక టన్ను పూలు వేస్తే ఒక కిలో మైనపు ముద్దలాంటి సారం దిగుతుంది.

ఆ లెక్క విన్నప్పటి నుంచి నా బుర్రలో రెండు టన్నులు పక్కపక్కనే నిలిచాయి. టన్ను రాయి మూడు నాలుగు గ్రాముల బంగారమిచ్చి, మిగతాదంతా దిబ్బ చేసిపోయింది. టన్ను పువ్వు ఒక కిలో సారమిచ్చాక, మిగిలింది ఎరువై మళ్ళీ మట్టిలో కలుస్తుంది. గనులు వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మాట కాదనను. కానీ ఒక తరం తీసుకున్నది తీసుకున్నాక, తరవాతి తరానికి ఏం మిగిల్చిందన్నది కూడా లెక్కలో చేరాలి కదా!

బజారులో చీకటి పడేసరికి పూలదుకాణాల ముందు ఆడవాళ్ళు అరటినారతో దండలు కడుతుంటారు. గనులు మూసిన రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందని ఒకామెను అడిగితే, చేతిలోని దండ చూపించింది. ధనుర్మాసం, క్రిస్మస్ కలిసివచ్చే ఆ రోజుల్లో ఒకే బుట్టలోని పూలు గుట్టహళ్ళి బంగారు తిరుపతి వెంకన్నకూ వెళతాయి, చర్చిలో మరియమ్మకూ వెళతాయి.

ఈసారి కోలారు వైపు వెళితే కోలారమ్మ గుడి, కోటిలింగేశ్వరుడి కోవెల తప్పక చూడండి. అయితే చీకటి పడకుండానే బెంగళూరు బస్సు ఎక్కేయకండి. పిల్లలకు స్వెట్టర్లు తొడిగి, ఒక గంట బజారులో ఉండండి. రెండు మూరల సంపంగి కొనండి, బేరం మాత్రం ఆడకండి.