ప్రొద్దుటూరుకి పడిపోయా!

ఆఫీసు పని మీద ఎవరైనా గోవా వెళ్తారు, కొచ్చి వెళ్తారు. నన్ను ప్రొద్దుటూరు పంపారు. పన్నెండు రోజులు, ఒక్కడినే. ‘కడప జిల్లానా? సుమోలు గాల్లోకి లేస్తాయి, జాగ్రత్త బాసూ’ అంటూ టీమ్ గ్రూపులో ఒకటే మీమ్స్. నేను నవ్వే మూడ్‌లో లేను. ఇంటి లోన్ సగమైనా తీరాక చెబుదామని రెండేళ్లు వాయిదా వేసిన మాట ఒకటుంది. అది వినాల్సిన అమ్మాయి పెళ్లి ఫొటోలు ఆ వారమే ఇన్‌స్టాలో కనిపించాయి. లైక్ కొట్టి, బ్యాగ్ సర్దుకుని, రైలెక్కి ఎర్రగుంట్లలో దిగాను.

మా క్లయింట్‌కి నగల కొట్లున్నాయి. ప్రొద్దుటూరులో పెద్దది, జమ్మలమడుగు, పులివెందులలో చిన్నవి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే దాని మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి కదా. అది స్కాన్ చేయగానే బరువు, తరుగు, 3 శాతం జీఎస్టీ అన్నీ బిల్లులో పడేలా చేయడం నా పని.

ప్రొద్దుటూరుని రెండో ముంబై అని ఎందుకంటారో బజారులో నడిస్తే తెలిసింది. ఎటు చూసినా బంగారమే. పొద్దున్నే ఎర్రకారం దోశ, పైన పప్పుల పొడి. హోటల్లో పెద్దావిడ రోజూ అదే ప్రశ్న: “ఏం నాయనా, ఈ పొద్దు కూడా ఒక్కనివేనా?” మొదట్లో చిరాకేసింది. నాలుగో రోజుకి ఆ ప్రశ్న కోసమే వెళ్లేవాణ్ని.

ఐదో రోజు కౌంటర్ దగ్గర ఓ జంట. యాభై దాటి ఉంటారు. ఆవిడ మెడలో పసుపుతాడు, దానికి పసుపుకొమ్ము. బోరు కోసం తాళిబొట్టు తాకట్టు పెట్టారట, విడిపించలేకపోయారట. ఇప్పుడు కొత్తది కొంటున్నారు.

“ఎందుకులే, మల్లా బోరేస్తావు, మల్లా తాకట్టు పెడ్తావు” అందావిడ.

“ఈసారి నీళ్లు పడినాయి గదా!” అన్నాడాయన. నా వైపు తిరిగి, “బిల్లు తర్వాత కొట్టు సార్, ముందు వేసుకోనీ” అన్నాడు.

ఆవిడ అద్దంలో తాళిని చూసుకుంటోంది. ఆయన ఆవిడను చూస్తున్నాడు. నా స్క్రీన్ మీద 4.120 గ్రాములు. అప్పు తీరాకే ప్రేమ అనుకున్నవాణ్ని నేను. వీళ్లు అప్పుల మధ్యే కాపురం చేసి, బోరులో నీళ్లు పడగానే బంగారం కొట్టుకొచ్చారు. ఆ బిల్లు ప్రింట్ ఇస్తుంటే గొంతు పట్టేసింది.

ఆదివారం జమ్మలమడుగు వెళ్లి, అక్కణ్నుంచి పదిహేను కిలోమీటర్లు ఆటోలో గండికోట చేరాను. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుపోయిన చోటు అది. కోటలో మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి మీర్ జుమ్లాని కలవడానికి ఈ కోటకే వచ్చాడు. అంటే నాలాగే నగల పని మీద! లోయ అంచున బండ మీద కూర్చుని ఫొటో తీశా. అలవాటుగా ఆ అమ్మాయి చాట్ తెరిచాను. కాసేపు చూసి, మూసేశాను. ఫొటో మాత్రం డిలీట్ చేయలేదు. ఆ చోటు నాకు ఒక్కడికే అయినా బాగానే ఉంది.

చివరి మూడు రోజులు పులివెందుల. ముద్దనూరు మీదుగా బస్సు. పులివెందుల దగ్గరపడేకొద్దీ అరటి తోటలు, చీనీ తోటలు. పులిమందల అన్న పేరే పులివెందుల అయిందని పక్క సీటు పెద్దాయన చెప్పాడు. దిగేటప్పుడు అడక్కుండానే రెండు చీనీకాయలు చేతిలో పెట్టాడు.

హైదరాబాద్ వచ్చి నెలైంది. నిన్న టికెట్ వచ్చింది: ప్రొద్దుటూరు కొట్టులో ప్రింటర్ కనెక్ట్ కావట్లేదట. రిమోట్‌లో పది నిమిషాల పని.

“ఇది అక్కడికి వెళ్లి చూడాల్సిందే” అని మేనేజర్‌కి చెప్పాను.