హద్దులు చదివాకే వేలిముద్ర

పొద్దున పదిన్నరకే సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు వరండా నిండిపోయింది. పదహారేళ్లుగా అద్దెకుంటున్న పెంకుటిల్లు ఆ రోజు మా పిన్ని సొంతమవుతోంది. తోడుగా నన్ను రమ్మంది.

ముందు ఎదురుగా ఉన్న దస్తావేజు లేఖరి గదిలో కూర్చున్నాం. స్థలం 200 గజాలు. స్థలం, ఇల్లు కలిపి ప్రభుత్వ విలువ 12 లక్షలు, పిన్ని ఇస్తున్నది 14 లక్షలు. రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీదే సుంకం. మా ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ నూటికి 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1. అంటే 70 వేలు, 21 వేలు, 14 వేలు, వెరసి లక్షా 5 వేలు. లేఖరి ఫీజు, యూజర్ ఛార్జీలు వేరే. “పన్నెండే రాయిస్తే పదిహేను వేలు మిగులుతాయి కదమ్మా” అని పక్కన కూర్చున్నాయన సలహా ఇచ్చాడు. పిన్ని ఒప్పుకోలేదు. ఇచ్చిన సొమ్మంతా కాగితం మీద ఉండాలంది. నాకూ అదే సబబనిపించింది. రేపు తగాదా వస్తే కాగితంలో రాసిన సొమ్మునే చూస్తారు.

ఆస్తి మీద తాకట్టు, లావాదేవీలు చూపే ఈసీని పది రోజుల ముందే తీయించాం. ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు కనిపిస్తాయి. తాకట్టు ఏదీ లేదు. ఇల్లు అమ్ముతున్నాయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి వీలునామా రాయలేదు, కాబట్టి చెల్లెలికీ వాటా ఉంది. ఆమె రాజమండ్రి నుంచి వచ్చి సంతకం పెట్టింది. ఆడపడుచు సంతకం లేకుండా ఇల్లు కొనడమంటే కోర్టు మెట్లు కొనుక్కోవడమే.

అసలు చిక్కు హద్దుల దగ్గర వచ్చింది. లేఖరి పాత లింకు డాక్యుమెంటు చూసి పడమర హద్దుగా ఎవరిదో ఖాళీ స్థలం రాశారు. పిన్ని కళ్లజోడు సర్దుకుని ఒక్కో గీత మీదా వేలు పెట్టి చదివింది. “బాబూ, పడమర పంచాయతీ సిమెంటు రోడ్డు పడి ఎన్నాళ్లైంది! ఇక్కడ స్థలమని రాశారేంటి?” అంది. లేఖరి నొచ్చుకోలేదు, ఆ పేజీ మార్చి మళ్లీ ప్రింటు తీశారు. ఐదు నిమిషాల పని. అదే తప్పు రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడితే సవరణ దస్తావేజు కావాలి, అమ్మిన వాళ్లిద్దర్నీ మళ్లీ పిలిపించాలి.

లోపల ఫొటోలు తీశారు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. పిన్ని వేలిముద్ర మాత్రం మిషను తీసుకోలేదు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, అంట్లు తోమి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. గుమాస్తా తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు. మూడోసారికి పడింది. పిన్ని ఆ వేలినే కాసేపు చూసుకుంది.

ఈ శ్రమంతా ఊరికే కాదు. 100 రూపాయలు, అంతకు పైబడిన విలువ గల స్థిరాస్తి కొంటే రిజిస్టరు కాని కాగితంతో యాజమాన్యం రాదు. రాతకోతలు అయిన నాలుగు నెలల్లోగా దస్తావేజు ఆఫీసులో దాఖలు చేయాలి. తెల్లకాగితం మీద రాయించుకుని ఏళ్ల తరబడి ఊరుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఎందరో.

దస్తావేజు చేతికొచ్చిన మర్నాడే పిన్ని ఇంటిపన్ను, కరెంటు మీటరు తన పేరుకు మార్చమని దరఖాస్తులు పెట్టింది. మీరూ ఆ పని వాయిదా వేయకండి.